ఐరిష్ ఆంటీ ఆపిన గడియారం

మొన్న అమ్మ పోయిన పొద్దున నేను చేసిన మొదటి పని తలుచుకుంటే నాకే ఇంకా దిగ్భ్రమగా ఉంటుంది. కుర్చీ వేసుకుని ఎక్కి, హాల్లో గోడ గడియారం దించి, వెనకున్న బ్యాటరీ ఊడబీకి మళ్లీ తగిలించాను. ముళ్లు ఏడూ ఇరవై దగ్గర నిలిచిపోయాయి.

అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని ఏడుస్తున్న పిన్ని ఠక్కున ఏడుపు ఆపేసింది. "ఏంటే, మతిగాని పోయిందా నీకు? ఇప్పుడా గడియారంతో ఏం పనే?" అంది. కాసేపటికి ఎవరో గడియారం ఆగిపోయిందని చూసి కొత్త బ్యాటరీ తేబోతే, "దాన్ని ముట్టుకున్నారంటే ఊరుకోను!" అని ఇల్లంతా అదిరేట్టు అరిచాను. వచ్చినవాళ్లందరూ నిర్ఘాంతపోయారు. అరిచాక నేనూ బిత్తరపోయాను. అచ్చంగా అలా ఆపిన గడియారం దగ్గర నేనొకసారి ఎంత ఘోరమైన పని చేశానో అప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు నాకు పదకొండేళ్లు. మేం సౌదీలో, తబూక్‌లో ఉండేవాళ్లం.

అమ్మ అక్కడ ఆస్పత్రిలో నర్సు. నాన్న అందులోనే ఎక్స్‌రేలు తీసేవారు. సౌదీ అంటే ఎండే అనుకుని ఒక్క స్వెట్టరైనా లేకుండా దిగిన కుటుంబం మాది. జనవరిలో తబూక్ చలి ఎముకలు కొరికేది. ఇప్పటికీ ఎక్కడైనా కరెంటు హీటరు మీద దుమ్ము కాలిన వాసన వస్తే నాకు ఆ క్వార్టర్సే కళ్ల ముందుకొస్తుంది. దానికి తోడు గేటు బయట అఫ్గాన్ వాడి పొయ్యిలోంచి వచ్చే రొట్టె వాసన. నాన్న దాన్ని కాగితంలో చుట్టుకుని తెస్తుంటే దారిలోనే నేను అంచు తుంపి తినేసేదాన్ని. ఇంటికొచ్చేసరికి రొట్టె ఎలుక కొట్టినట్టుండేది.

మా ఎదురు ఫ్లాట్‌లో ఐరిష్ ఆంటీ ఉండేది. అమ్మ వార్డులోనే సీనియర్ సిస్టర్. ఏభై దాటిన మనిషి, పెళ్లి చేసుకోలేదు. మొహం నిండా గోధుమరంగు చుక్కలు. చూసిన మొదటి రోజే, "ఆంటీ, మీకు చికెన్ పాక్స్ వచ్చి తగ్గిందా?" అని అడిగేశాను. అమ్మ నన్ను కళ్లతోనే చంపేసింది. ఆవిడ మాత్రం గోడ పట్టుకుని నవ్వింది. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే. ఇక్కడ రాసేదంతా నాకు గుర్తున్న తెలుగులో.

ఆ రోజే అమ్మ, "టీ తాగుతారా సిస్టర్?" అంది.

"అయ్యో, వద్దు, మీకెందుకు శ్రమ."

"శ్రమేముంది, కొంచెం తాగండి."

"లేదు లేదు, ఇప్పుడే తాగొచ్చాను."

"అలా అనకండి, ఒక్క కప్పు."

"సరే, ఇంతగా అడుగుతున్నారు కాబట్టి ఒక్క చుక్క."

ఆ ఒక్క చుక్క మూడు కప్పులైంది. ఆవిడ వెళ్లాక అమ్మ నోరెళ్లబెట్టి కూర్చుంది. అప్పటిదాకా మాకు తెలిసిన తెల్లవాళ్లు ఒకసారి వద్దంటే వద్దనే. "ఈవిడ అచ్చం మనూరి మనిషేనే! మూడోసారి అడిగితేగానీ ఒప్పుకోలేదు చూసావా?" అంది. వాళ్ల ఊళ్లోనూ అదే మర్యాదట. మొదటిసారే సరే అన్నవాళ్లని ఆబగా ఉన్నారనుకుంటారట, మూడోసారి అడగని ఇంటివాళ్లని పిసినారులు అనుకుంటారట. అప్పట్నుంచి వాళ్లిద్దరూ రోజూ ఆ రెండు వద్దుల నాటకం ఆడి మరీ టీ తాగేవాళ్లు. పాలు పోసి, చిక్కగా మరిగించిన టీ.

ఆవిడ శుక్రవారాలు రొట్టె చేసేది. ఈస్టు ఉండదు, సోడా ఉప్పే. వాళ్ల దేశంలో మజ్జిగ పోస్తారట. తబూక్‌లో దానికి బదులు దుకాణంలో అమ్మే లబన్, చిలికిన పెరుగు, సీసాతో ఒంపేది. పిండి ముద్ద మీద కత్తితో సిలువ గీటు పెట్టి ఓవెన్‌లోకి తోసేది. ఆ గీటు ఎందుకని అడిగితే, సరిగ్గా కాలడానికి అని ఒక రోజు, దయ్యం పారిపోవడానికి అని ఇంకో రోజు చెప్పేది.

అలాంటి మనిషి ఒకసారి అమ్మను ఏడిపించింది. ఈస్టరుకి అమ్మ కొత్త పట్టుచీర కట్టుకుని చూపించబోతే, ఎగాదిగా చూసి, "ఏ కిటికీ పరదా పీకి చుట్టుకున్నావు?" అంది. అమ్మ ఇంటికొచ్చి చీర విప్పి పారేసి ఏడ్చింది. మర్నాడు వార్డులో ఇంకో ఐరిష్ నర్సు అసలు సంగతి చెప్పిందట: "నిన్ను తిట్టిందా? అదృష్టవంతురాలివి. ఆవిడ తనకి గిట్టనివాళ్లతోనే మర్యాదగా ఉంటుంది. మా ఊళ్లో అంతే, ఎంత దగ్గరివాళ్లయితే అన్ని మాటలు."

అమ్మకి ఇది ఎంతకీ మింగుడుపడలేదు. ఒక వారం ఆలోచించింది. తర్వాత శుక్రవారం ఆంటీ రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని, గుండె దిటవు చేసుకుని, "ఇది రొట్టా సిస్టర్, ఇటుకా?" అంది. ఆంటీ మొహం వెలిగిపోయింది. లేచొచ్చి అమ్మను గట్టిగా కావలించుకుంది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. అంతకు ముందు ఏడాది మా తాతయ్య, అమ్మ వాళ్ల నాన్న, పోయారు. అమ్మ పాస్‌పోర్టు ఇకామా, అంటే అక్కడ ఉండే పర్మిట్, రెన్యువల్‌కని ఆస్పత్రి ఆఫీసులో ఉంది. దేశం దాటి మళ్లీ రావడానికి కావలసిన ఎగ్జిట్ రీఎంట్రీ ముద్ర వేయించుకుని వెళ్లేలోపు అక్కడ సమాధి అయిపోయింది. ఇంక వెళ్లి ఏం చేస్తానని అమ్మ వెళ్లనే లేదు. కబురు తెలిసిన రోజు కూడా డ్యూటీకి వెళ్లింది, వచ్చి వంట చేసింది, నా హోంవర్క్ చూసింది. ఒక్క చుక్క కన్నీరు మేం చూడలేదు. తాతయ్య ఫొటో మాత్రం పెట్టెలో అడుగున పెట్టేసింది. నేను ఒకసారి తాతయ్య పేరెత్తితే, "ఆ మాట ఎత్తకు" అంది. ఆ గొంతుకి భయపడి నేను మళ్లీ ఎత్తలేదు.

సరే, ఆ జనవరిలో ఒక బుధవారం సాయంత్రం ఆంటీకి ఫోనొచ్చింది. వాళ్లమ్మ పోయిందని. అప్పట్లో అక్కడ సెలవులు గురు, శుక్రవారాలు. ఆఫీసు మళ్లీ శనివారం తెరుస్తారు. ఆవిడ పాస్‌పోర్టూ ఆఫీసులోనే ఉంది. సమాధి శుక్రవారం. వాళ్లూ మనలాగే ఎక్కువ రోజులు ఆగరు. ఆఫీసు తాళాలున్న మనిషి ఎవరైనా దొరుకుతారేమోనని నాన్న ఆ సాయంత్రమంతా ఫోన్లు చేశారు. ఎవరూ ఎత్తలేదు.

"నాకు జరిగిందే ఆవిడకీ జరిగిందండీ" అంది అమ్మ నాన్నతో, గోడవైపు చూస్తూ.

గురువారం పొద్దున అమ్మ తెల్లచీర కట్టుకుంది. చావింట్లో పొయ్యి వెలగదు కదా, అందుకని అన్నం, మిరియాల చారు, వేపుడు క్యారియర్‌లో సర్దింది. "రెండు ముద్దలైనా బలవంతంగా తినిపించాలి పాపం" అంది. నాకు పాఠం చెప్పింది: "అక్కడ పళ్లు బయటపెట్టకు. ఏడుపు రాకపోతే తలకాయ వంచుకుని కూర్చో."

మా గుమ్మం దాటేసరికి నవ్వులు వినిపించాయి. పొట్టచెక్కలయ్యే నవ్వులు. అమ్మ ఆగి తలుపు మీది నంబరు చూసుకుంది. ఆవిడదే.

తలుపు తీసే ఉంది. లోపల ఓవెన్ భగభగలాడుతోంది. రొట్టె, కేకు, వెన్న కలిసిన వాసన. మా ఊళ్లో పెళ్లింట్లో కూడా అంత కమ్మటి వాసన రాదు. అంత చలిలోనూ కిటికీ బార్లా తెరిచి ఉంది. అద్దానికి దుప్పటి కప్పారు. బల్ల మీద గుడ్డు సాండ్‌విచ్‌ల పళ్లెం పక్కన ఒక ముసలామె ఫొటో. చుట్టూ ఇద్దరు ఐరిష్ నర్సులు, ఒక ఫిలిప్పీన్స్ నర్సు. అందరికంటే గట్టిగా నవ్వుతున్నది ఆంటీయే.

అమ్మ కాళ్లు గుమ్మంలోనే అతుక్కుపోయాయి. అయినా తన ధర్మం తను తప్పలేదు. క్యారియర్ కిందపెట్టి, పరుగున వెళ్లి ఆంటీ మెడ చుట్టూ చేతులు వేసి, "ఓ సిస్టరో, అమ్మ లేని దానివైపోయావా సిస్టరో..." అని శోకం ఎత్తుకుంది.

ఈసారి నిర్ఘాంతపోవడం వాళ్ల వంతు. ఒకామె చేతిలో బిస్కెట్ టీలోకి విరిగి పడింది. ఎవరికీ ఎటు చూడాలో తెలియలేదు. ఆంటీ అమ్మ వీపు తట్టి, "కూర్చో సిస్టర్. టీ తాగుతావా?" అంది.

"వద్దు."

"కొంచెం?"

"వద్దండీ."

"ఒక్క కప్పు?"

"వద్దు" అంది అమ్మ మూడోసారీ.

వాళ్లిద్దరి మధ్య అంతవరకూ ఎన్నడూ మూడో వద్దు రాలేదు. ఆంటీ చేతిలో కెటిల్ అలాగే ఉండిపోయింది. ఈ స్నేహం ఇంతటితో సరి అని నాకు అనిపించింది. 

మేం మూలనున్న సోఫాలో బిగుసుకుని కూర్చున్నాం. వాళ్లు మళ్లీ కథలు మొదలుపెట్టారు. చచ్చిపోయిన తల్లి గురించి ఆంటీ చెబుతున్న మాటలు వింటుంటే నా చెవులను నేనే నమ్మలేకపోయాను. మహా పిసినారట. ఒకసారి వాడిన టీ సంచులను బట్టలతోపాటు తీగ మీద ఆరేసి మళ్లీ వాడేదట. ఊళ్లో ఎవరు పోయినా, ముక్కూమొహం తెలియకపోయినా, ముందు వెళ్లి తిండి బల్ల దగ్గర కూర్చునేదట. ఇంటికొచ్చి, "శవం బాగానే ఉంది, సాండ్‌విచ్‌లలో వెన్నే లేదు" అనేదట. ఒక ఐరిష్ నర్సు సెలవుల్లో వాళ్లింటికి అతిథిగా వెళ్తే, చేతికి బుట్ట ఇచ్చి ఆలుగడ్డలు తవ్వడానికి పంపిందట. "నేను పోయినప్పుడు ఎవరైనా నవ్వకుండా కూర్చున్నారో, లేచొచ్చి మరీ తంతాను" అని కూడా చెప్పి పోయిందట.

నాకు నవ్వాగలేదు. కిసుక్కుమన్నాను. అమ్మ తొడపాశం పెట్టింది.

"తల్లి చచ్చిపోతే నవ్వే మనిషిని ఇదే చూడ్డం" అంది నా చెవిలో, వణికిపోతూ. "మనుషులేనా వీళ్లు? వెళ్లలేకపోయానన్న బాధైనా ఉందా? పద, పోదాం."

"అమ్మా, మంచినీళ్లు తాగొస్తా" అని లేచాను. తొడ మంటకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

వంటింటి ముందు నడవలో ఆంటీ గడియారం ఉండేది. వాళ్ల ఊరి నుంచి తెచ్చుకుంది, పెద్దది, టక్ టక్‌మని హాల్లోకి కూడా వినిపించేది. అది నాలుగుంపావు దగ్గర ఆగి ఉంది. మా ఇంట్లో గడియారాలకీ రిమోట్లకీ బ్యాటరీలు మార్చే ఉద్యోగం నాది. అయ్యో పాపం, ఇన్ని పనుల్లో ఆంటీ చూసుకోలేదు కాబోలు అనుకున్నాను. వంటింటి గట్టు మీద రేడియో ఉంటే అందులోంచి ఒక బ్యాటరీ తీశాను. స్టూలెక్కి గడియారంలో వేశాను. నా చేతి గడియారం చూసి పదకొండూ నలభైకి ముళ్లు తిప్పాను. గొప్ప ఉపకారం చేశాననుకుని కిందికి దిగాను.

టక్. టక్. టక్.

హాల్లో నవ్వు కత్తితో కోసినట్టు ఆగిపోయింది. ఎవరో "దేవుడా" అన్నారు. అందరూ నడవలోకి వచ్చారు. ఐరిష్ నర్సులిద్దరూ నుదుటి మీద, గుండెల మీద సిలువ వేసుకున్నారు. ఆంటీ మొహంలో నెత్తురు చుక్క లేదు. చుక్కలు మాత్రమే మిగిలాయి.

"ఎవరు చేశారు?"

"నేనే ఆంటీ... ఆగిపోయింది కదా అని..."

ఆవిడ గడియారం దించి బ్యాటరీ తీసింది. ముళ్లను మళ్లీ నాలుగుంపావుకి తిప్పాలని చూసింది. రెండుసార్లూ ముళ్లు దాటిపోయాయి. "మా అమ్మ ఊపిరి ఆగిన వేళ ఇది. ఆమెను మట్టిలో పెట్టేదాకా గడియారం నడవకూడదు" అంది. "అక్కడ నేను శవపెట్టె మొయ్యలేను. పక్కన రాత్రంతా కూర్చోలేను. గుప్పెడు మట్టి వెయ్యలేను. ఇక్కడ కూర్చుని నేను చెయ్యగలిగింది ఇదొక్కటే. ఇదొక్కటే."

అంటూ నేల మీద కూలబడిపోయింది. పొద్దుట్నుంచి నవ్విన మనిషి గడియారాన్ని ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

అమ్మ నా చెంప పగలగొట్టడానికి ఎత్తిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.  ఒకరి తల్లి చావుని నేను పాడుచేశాను. అంత పెద్ద పాపం అప్పటికి నా జీవితంలో లేదు.

విచిత్రమేమిటంటే, ఆ ఐరిష్ నర్సులకి ఏం చెయ్యాలో తెలియలేదు. ఒకామె నేల చూపులు చూసింది. ఇంకొకామె, "కెటిల్ పెడతాను" అంటూ వంటింట్లోకి పారిపోయింది. చావింట్లో నవ్వించడం వాళ్లకి చేతనవును, గట్టిగా ఏడ్చేవాళ్లని పట్టుకోవడం రాదు. అది వచ్చిన మనిషి అక్కడ ఒక్కతే. అమ్మ తెల్లచీరతో నేల మీద చతికిలబడి, ఆంటీ తలను గుండెలకి అదుముకుని, ఈసారి ఎవరి మర్యాద కోసమూ కాకుండా, గొంతెత్తింది.

"ఓ నాన్నో... నీ మొహమైనా చూడలేకపోయానే నాన్నో... పిడికెడు మట్టెయ్యలేని పాపిష్టిదాన్నే నాన్నో..."

 అమ్మ తాతయ్య కోసం ఏడుస్తోంది. ఏడాది తర్వాత, ఎవరిదో ఇంట్లో, ఎవరి తల్లి కోసమో వచ్చి. ఆంటీకి ఒక్క తెలుగు ముక్క రాదు, తాతయ్య పోయిన సంగతి మాత్రం వార్డులో విన్నది. అయినా అమ్మ "నాన్నో" అన్నప్పుడల్లా ఆవిడ అమ్మ చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఎంతసేపు ఏడ్చారో తెలియదు. చివరికి ఆంటీ ముక్కు చీదుకుని, "మా ఊళ్లో ఇంత గట్టిగా ఏడిస్తే పక్కింటివాళ్లు పోలీసులను పిలుస్తారు" అంది. అమ్మ వైపు తిరిగి, "మీ నాన్న ఎలాంటివాడు?" అని అడిగింది.

"చాలా మంచివారు" అంది అమ్మ.

"పోయినవాళ్లందరూ మంచివాళ్లే. ఆయన చేసిన తలతిక్క పని ఒకటి చెప్పు."

అమ్మ తెల్లబోయింది. పోయినవాళ్ల గురించి అలా చెప్పడమా? నా వంక చూసింది, గోడ వంక చూసింది. తర్వాత మెల్లిగా మొదలుపెట్టింది.

తాతయ్య ఎర్రబస్సు కండక్టరు. చర్చిలో పెద్ద. కానీ ప్రసంగం మొదలవడం పాపం, నిద్రపోయేవారు. ఒక ఆదివారం పాస్టరుగారు ప్రసంగం మధ్యలో మంచినీళ్లు తాగడానికి ఆగారు. చర్చంతా నిశ్శబ్దం. బస్సాగింది అనుకుని తాతయ్య నిద్రలోనే లేచి, "హోల్డాన్! దిగేవాళ్లు ముందు దిగండి!" అని కేకేశారట. ఎవరూ కదలకపోయేసరికి విసుక్కుని, "రైట్... రైట్!" అన్నారట. పాస్టరుగారు ప్రసంగం అక్కడే ముగించి దిగిపోయారట.

హోల్డాన్ అంటే బస్సాగాలని, రైట్ అంటే కదలాలని అమ్మ తన వార్డు ఇంగ్లీషులో వివరిస్తూ, లేచి నిలబడి, చంకలో సంచీ ఉన్నట్టు అభినయిస్తూ చూపించింది. తెల్లచీరలో, ఉబ్బిన కళ్లతో. వాళ్లు పడీ పడీ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. అమ్మ చావింట్లో నవ్వడం చూసి నేను నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయాను.

"టీ?" అంది ఆంటీ.

"వద్దు."

"టీ?"

"అబ్బే, వద్దు."

"టీ?"

"సరే, ఒక్క చుక్క."

మిరియాల చారన్నం వాళ్లు చెంచాలతో తిన్నారు. ఒకామెకి పొలమారింది. "నన్ను కూడా అమ్మ దగ్గరికి పంపేద్దామనా?" అంది ఆంటీ.

మర్నాడు శుక్రవారం మధ్యాహ్నం అక్కడ సమాధి దగ్గర నిలబడి ఆవిడ తమ్ముడు మొబైల్ ఫోన్ పైకి పట్టుకున్నాడట. గాలి హోరు, మట్టి పడుతున్న చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదట. ఫోన్ పెట్టేశాక ఆంటీ మా తలుపు తట్టి నన్ను పిలిచింది. బ్యాటరీ నా చేతిలో పెట్టి, "నిన్న తొందరపడ్డావు. ఇప్పుడు పెట్టు" అంది. ఆ రోజు సాయంత్రమే అమ్మ పెట్టె అడుగునుంచి తాతయ్య ఫొటో తీసి గోడకి తగిలించింది.

మేం తిరిగి వచ్చేశాక కొన్నాళ్లు ఉత్తరాలు నడిచాయి, తర్వాత ఆగిపోయాయి. ఆంటీ ఇప్పుడు ఉందో లేదో నాకు తెలియదు. అమ్మ మాత్రం చాలాసార్లు అనేది: "నేను పోయినప్పుడు మంచిది, మంచిది అని మీరందరూ విసిగించకండే. ఎవరో ఒకరు నవ్వండి."

మొన్న అందరూ మంచిదనే అన్నారు. మట్టి వేసి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, నేను మళ్లీ కుర్చీ ఎక్కాను. హాలంతా జనం. పిన్ని బిక్కుబిక్కుమంటూ నా వంకే చూస్తోంది. బ్యాటరీ వేసి, టైము సరిచేసి, గడియారం మేకుకి తగిలించాను. అది కదిలింది. అందరూ నన్నే చూస్తున్నారని తెలుసు. అయినా అనేశాను.

"రైట్... రైట్!"

హాలు మొత్తం కొయ్యబారిపోయింది. ఎవరో నన్ను పట్టుకోవడానికి లేచారు. పిన్ని ఒక్క క్షణం గుడ్లప్పగించి చూసింది. ఆవిడా ఆ కండక్టరు కూతురే కదా. తర్వాత కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగక, ఫక్కున నవ్వేసింది. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుంటూ, అమ్మ ఖాళీ మంచం వైపు చూసి అంది.

"దిగేచోటు వచ్చాక ఒక్కసారి హోల్డాన్ అనాల్సిందే ఎవరైనా."